అమ్మ తూర్పు

నేను సర్వేయర్ని. ఈ మాట చెప్పుకోవడం నాకు భలే ఇష్టం. చేపలమ్ముకునే ఇంట్లో పుట్టి, డిప్లొమా చదివి, భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల గట్ల మీద, ఉపగ్రహాల సాయంతో హద్దులు కొలిచే రోవర్ కర్ర పట్టుకుని నిలబడతాను. పాతిక ఎకరాల ఆసామి కూడా "మేడమ్ గారూ, మా హద్దు ఎక్కడికొస్తుందండీ" అని అడిగి, నేను చూపించిన చోటే రాయి పాతిస్తాడు. ఆ గర్వం నాకు కాస్త ఎక్కువేనని మా ఆయన అంటూ ఉంటాడు. ఉంటే ఉందిలెండి, కష్టపడి సంపాదించుకున్నదే. అంతకంటే పెద్ద గర్వం మాత్రం మొన్న వేసవిలో మా అమ్మ వల్ల కలిగింది. అది చెప్పుకోకపోతే నాకు నిద్రపట్టేలా లేదు.

మాది ఉప్పాడ పక్కన ఒక ఊరు. ఊరంటే ఇప్పుడున్న ఊరు కాదు, సముద్రంలోకి వెళ్ళిపోయిన ఊరు. నేను తొమ్మిదో తరగతి చదివేటప్పుడు మా ముందు వరస ఇళ్ళు పోయాయి. మరుసటి ఏడు బావి పోయింది. ఆ పై ఏడు మా ఇల్లు. అప్పటినుంచీ అమ్మా నాన్నా ఐసు ఫ్యాక్టరీ వెనక రేకుల గదిలో అద్దెకుంటున్నారు. ఆ ఓనరమ్మ మంచిదే కానీ, అమ్మ గుమ్మానికి పసుపు రాస్తే మాత్రం మొహం అదోలా పెడుతుంది. తన గుమ్మానికి వేరేవాళ్ళు పసుపు రాయడం ఆవిడకి గిట్టదు. అమ్మ ఇన్నేళ్ళుగా గడప మీద ఒక్క బొట్టు పెట్టి ఊరుకుంటోంది.

మొన్న వేసవిలో, సముద్రంలో ఇళ్ళు పోయినవాళ్ళకి ఊరికి పడమరగా వేసిన లేఅవుట్లో స్థలాలిస్తామన్నారు. పన్ను రసీదు ఉన్నవాళ్ళకి చిక్కు లేదు. మా రసీదులు ట్రంకు పెట్టెతో సహా సముద్రంలోనే ఉన్నాయి. అలాంటివాళ్ళు తమ ఇల్లు ఎక్కడుండేదో చూపిస్తూ పటం ఇస్తే, పాత సర్వే షీటుతో పోల్చి చూసి లిస్టులో రాస్తారట. అమ్మ నాకు ఫోన్ చేసి, "నువ్వు ఊళ్ళోవాళ్ళందరి చెరువులూ కొలుస్తావు కదా, మన ఇల్లు కూడా కొలిచి పెట్టు" అంది. నేను వారం సెలవు పెట్టి వెళ్ళాను.

మొదటిరోజు పొద్దున్న నోటుబుక్కు తీసి అమ్మను కూర్చోబెట్టాను. ఐసు ఫ్యాక్టరీ గేటు ఇప్పటికీ ఉంది కాబట్టి అక్కడినుంచి మా ఇంటికి ఎలా వెళ్ళాలో చెప్పమన్నాను. అమ్మ మొదలుపెట్టింది, ఆగింది, మళ్ళీ మొదలుపెట్టింది. బోరింగు ముందో బావి ముందో చెప్పలేకపోయింది. కుడా, ఎడమా అని విసుక్కున్నాను. "ఏ కుడే? వెళ్ళేటప్పుడా, వచ్చేటప్పుడా?" అని ఎదురడిగింది. నాన్న వల బాగుచేసుకుంటూ వింటున్నాడు. ఆయన సముద్రంలో, ఒడ్డు మీది రెండు గురుతులు ఒక వరసలోకి వచ్చేదాకా పడవ నడిపి, సరిగ్గా చేప ఉండే చోటే వల వేయగలడు. ఊళ్ళో వీధుల సంగతి మాత్రం తనని అడగొద్దన్నాడు. ఇంట్లోంచి పడవ దగ్గరికి, పడవలోంచి ఇంటికి తప్ప ఆయన ఊరు తిరిగిందే లేదు.

గొంతు పెంచానని అమ్మకి కోపమొచ్చింది. లేచి వెళ్ళి తట్ట తెచ్చింది. తలమీద గుడ్డ చుట్టకుదురు పెట్టుకుని తట్ట ఎత్తుకోబోయి, మళ్ళీ దించేసింది. "ఖాళీ తట్టకి అడుగు పడదే" అని, పెరట్లో ఉన్న తడి ఇసక ఎత్తి పోసింది. మోకాళ్ళు నొప్పులమ్మా అంటే వినలేదు. అప్పుడు నాకు అర్థమైంది. అమ్మ పాతికేళ్ళు ఆ దారిలో బరువుతో నడిచింది ఇంటినుంచి ఐసు ఫ్యాక్టరీకే. తిరిగొచ్చేటప్పుడు తట్ట ఖాళీ, మనసు పిల్లల మీద. నేను దారిని తిరగేసి అడుగుతున్నాను.

"మన గుమ్మం కాడ మొదలెడతాను" అని నడిచింది. మా పెరడు పన్నెండు అడుగులకి మించి లేదు. చివరికి రాగానే వెనక్కి తిరిగేది, నోటితో మాత్రం పడమరకే వెళ్తున్నట్టు చెప్పేది. లెక్క నాది, నడక ఆవిడది. పడమరకి ఇరవై నాలుగు అడుగులేసి ఆగి "బావి" అంది. ఉత్తరానికి తిరిగి ముప్పై ఒకటి వేసి, ఒక అరుగు దగ్గర తట్ట దించి చెయ్యి మార్చుకునేదాన్నని చెప్పింది. ఆ అరుగావిడకీ మాకూ చేపలెండబెట్టుకునే జాగా దగ్గర గొడవైంది. అందుకని అమ్మ పేరెత్తకుండా "దాని అరుగు" అని మాత్రమే అంటుంది. అక్కడ నిజంగానే తట్ట దించి, ఊపిరి తీసుకుని మళ్ళీ ఎత్తుకుంది. ఇంకో చోట ఉన్నట్టుండి మోకాళ్ళు వంచి, తల దించకుండా కిందకి కుంగి నడిచింది. ఏమైందని కంగారుపడ్డాను. ఏమీ లేదు, అక్కడ ఎవరిదో తాటాకు చూరు కిందకి ఉండేదట. పైన ఎండ తప్ప ఏమీ లేని పెరట్లో మా అమ్మ ఇరవై ఏళ్ళ కిందట పోయిన చూరుకి వంగింది.

నడక మొత్తం రాసుకుని, బరువుతో ఆవిడ అడుగు ఎంతో టేపుతో కొలిచి, ల్యాప్‌టాప్‌లో గీశాను. ఆ పటాన్ని మూడోనాడు, స్థలాల లిస్టు రాసే ఆఫీసుకి తీసుకెళ్ళాం. ఆఫీసరు గారు చిన్నవాడే, మర్యాదస్తుడు. నా గీతల్ని తన కంప్యూటర్లో ఉపగ్రహం ఫోటో మీద పెట్టి, తెర మా వైపు తిప్పారు. అమ్మ చెప్పిన ఇల్లు వెళ్ళి తుఫాను షెల్టరు మీద కూర్చుంది. సముద్రంలో కాదు, రోడ్డుకి ఇవతల, ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్న షెల్టరు మీద.

"అమ్మా, ఈ బిల్డింగు మీరు ఊళ్ళో ఉన్నప్పటినుంచీ ఉందండి. ఇక్కడ మీ ఇల్లెలా ఉంటుంది?" అన్నారాయన.

తన కాయితాల కోసం వచ్చి బెంచీ మీద కూర్చున్న అరుగావిడ అందుకుంది. మేం అద్దెకుండేవాళ్ళమనీ, ఆ వీధిలో మాకు సొంతిల్లే లేదనీ చెప్పింది. బెంచీ మీదవాళ్ళు నవ్వారు. చేపలు తూయడంలో ఇన్నేళ్ళలో ఒక్క మాట పడని మనిషి మా అమ్మ. అందరి ముందూ అబద్ధాలకోరై నిలబడింది. శనివారానికి లిస్టు పంపేస్తామని, ఈలోగా సరైన పటం తెస్తే చూస్తానని ఆఫీసరు గారు చెప్పి పంపించారు.

ఇంటికొచ్చి నా లెక్కలు మూడుసార్లు చూసుకున్నాను. ఒక్క తప్పు లేదు. ఇక తప్పు ఎవరిదవుతుంది? సిగ్గుపడుతూనే రాస్తున్నాను, నేను అమ్మను నమ్మలేదు. వయసైపోయింది, మర్చిపోయింది అనుకున్నాను. అనుకుని ఊరుకోకుండా పైకి కూడా అన్నాను. అమ్మ నా కంచంలో అన్నం పెట్టింది, కూర వేసింది, మాట మాత్రం మాట్లాడలేదు. మర్నాడు కూడా అంతే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చలో గెలిచి, ఇంట్లో మా అమ్మ దగ్గర ఓడిపోయి కూర్చున్నాను.

శుక్రవారం తెల్లవారుతుండగా అమ్మ చేపల కోసం ఒడ్డుకి బయల్దేరితే, మంచి చేసుకుందామని వెనకే వెళ్ళాను. పడవలు అప్పుడప్పుడే వస్తున్నాయి. రోడ్డు మీద రాళ్ళ గట్టు దగ్గర నిలబడి, మన ఇల్లు ఎటుండేదో ఒక్కసారి చేత్తో చూపించమని బతిమాలాను. అమ్మ ఐసు ఫ్యాక్టరీకి వీపు పెట్టి, సముద్రానికి ఎదురుగా నిటారుగా నిలబడి చెయ్యి చాపింది. "ఇదిగో తూర్పు. ఇలా నేరుగా" అంది.

సూర్యుడు పైకొస్తున్నాడు. ఎండ అమ్మ ఎడమ చెంప మీద పడుతోంది. నేను ఆ చెంపనే చూస్తూ నిలబడ్డాను. తూర్పుకి తిరిగిన మనిషికి పొద్దుటి ఎండ మొహం నిండా పడాలి కదా.

"అమ్మా, సూర్యుడు అటుంటే తూర్పు ఇటెలా అవుతుంది?"

"సూర్యుడు ఎటైనా వస్తాడే. వేసవిలో ఒక చోట, చలికాలంలో ఒక చోట. సముద్రం ఎప్పుడూ తూర్పే" అంది అమ్మ.

మా ఒడ్డు తిన్నగా ఉండదు, ఏటవాలుగా పోతుంది. ఊరినుంచి చూస్తే సముద్రం సరిగ్గా తూర్పున లేదు, ఆగ్నేయానికి ఒరిగి ఉంది. మావాళ్ళకి ఆ ఒరగడం ఏనాడూ లెక్కలోకి రాలేదు. సముద్రం ఉన్న వైపు తూర్పు, రోడ్డు వైపు పడమర, మిగతా రెండు దిక్కులూ వాటికి తగ్గట్టు సర్దుకున్నాయి. ఊరు ఊరంతా ఒక పక్కకి తిరిగి కూర్చుంది. ప్రతి ఇంటికీ సముద్రం వైపే గుమ్మం పెట్టి, తూర్పు వాకిలి శుభమని పంతులుగారి చేత గృహప్రవేశాలు చేయించుకున్నారు. అది తూర్పు కాదని ఇప్పుడు చెబితే పంతులుగారు కూడా ఒప్పుకోరు.

వింతేమిటంటే నేనూ ఆ తూర్పులోనే పుట్టి పెరిగాను. డిప్లొమాలో దిక్సూచి చేతిలో పెట్టాక నా తూర్పు జరిగి దాని చోటికి వెళ్ళింది. ఎప్పుడు జరిగిందో నాకే తెలియదు. పైగా నా ఉద్యోగమంతా ఇలాంటివే చూస్తున్నాను. భీమవరం దగ్గర నేల అట్లపెనంలా చదునుగా ఉంటుంది. అయినా అక్కడివాళ్ళు కాలువ పారే తీరుని బట్టి పై చెరువు, కింది చెరువు అంటారు. మొదట్లో నవ్వుకున్నా, తర్వాత వాళ్ళ భాషలోనే అడిగి హద్దులు తేల్చేదాన్ని. ఊరివాళ్ళ మనసులో నేల ఎలా పరచుకుని ఉందో కనుక్కోకుండా కొలత గొలుసు లాగకూడదని కొత్తగా చేరినవాళ్ళకి పాఠాలు కూడా చెప్పాను. మా అమ్మ దగ్గరికొచ్చేసరికి ఆ పాఠం నాకే గుర్తు రాలేదు.

పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చి నాన్నను అడిగాను. ఆయన టీ తాగుతూ, ఆ సంగతి తనకి ముప్పై ఏళ్ళ నుంచీ తెలుసన్నాడు. పడవెక్కగానే అమ్మ తూర్పుని ఒడ్డున వదిలేసి, చుక్కల తూర్పు పట్టుకుంటాడట. దిగగానే మళ్ళీ అమ్మ తూర్పులోకి వచ్చేస్తాడట.

"మరి చెప్పలేదేం నాన్నా?"

"నన్ను అడగలేదుగా. అయినా ఇంటి తూర్పు గురించి మీ అమ్మతో పెట్టుకునేదెవరు?" అన్నాడు.

అమ్మ గడపలో నిలబడి వింటోంది. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు, సముద్రం తూర్పేనని ఇంకోసారి చెప్పి లోపలికి వెళ్ళిపోయింది. నేను ఆఫీసువాళ్ళిచ్చిన పాత సర్వే షీటు కాపీ తెరిచాను. అందులో మా ఊరు మొత్తం ఒకే ముక్క. ఇళ్ళ విడి హద్దులుండవు. ఒడ్డు గీత ఉంటుంది, బావి ఉన్న చోట చిన్న సున్నా ఉంటుంది. అమ్మ నడకని ముక్కలు చేయకుండా మొత్తంగా పట్టుకుని, ఆవిడ తూర్పు ఒడ్డు గీతకి ఎదురుగా వచ్చేదాకా తిప్పాను. తుఫాను షెల్టరు మీదున్న ఇల్లు మెల్లగా కదిలి, రోడ్డు దాటి, నీళ్ళలోకి వెళ్ళింది. అమ్మ ఆగి "బావి" అన్న చోటు షీటులో ఉన్న సున్నా పక్కనే వచ్చి ఆగింది. నాలుగడుగుల తేడా. అంతే.

ఇరవై ఏళ్ళ తర్వాత, తలమీద ఇసక తట్టతో, పన్నెండు అడుగుల పెరట్లో అటూ ఇటూ తిరుగుతూ చెప్పిన దారిలో నాలుగడుగుల తేడా. నా దగ్గరున్న పరికరం కొంటే ఎంతవుతుందో నాకు తెలుసు. ఆ క్షణంలో దాన్ని తీసుకెళ్ళి అమ్మ కాళ్ళ దగ్గర పెట్టాలనిపించింది. వంటింట్లోకి వెళ్ళి వెనకనుంచి పట్టుకుని ఏడ్చాను. చేపల చేతులే, బట్టలకి అవుతుంది వదులు, అంది అమ్మ. రెండ్రోజుల తర్వాత, దిక్కుల గొడవ కాకుండా నాతో అన్న మొదటి మాట అదే.

శనివారం మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాం. సంగతి చెప్పగానే ఆఫీసరు గారు ముందు నవ్వారు, వెంటనే నవ్వు ఆపేశారు. బీరువాలోంచి ఒక కట్ట తీశారు. మా ఊరివాళ్ళు ఇచ్చిన పటాలన్నీ అలాగే తప్పుగా పడ్డాయట. ఒకరి ఇల్లు స్కూల్లో, ఒకరిది రోడ్డు మధ్యలో. ఊరంతా కూడబలుక్కుని అబద్ధాలాడుతున్నారని ఆయన అనుకున్నారు. ఒక్కొక్కటే తిప్పి చూశారు. తిప్పిన ప్రతి ఇల్లూ నీళ్ళలోకి వెళ్ళి, ఉండాల్సిన వరసలో నిలబడింది.

ఆయన కుర్చీలోంచి లేచి అమ్మకి కుర్చీ వేశారు. ఆ వీధిలో మిగతా ఇళ్ళు కూడా చెప్పగలరా అని అడిగారు. అమ్మ కూర్చోలేదు, బరువు కావాలంది. ఆఫీసు వెనక కట్టుబడికి పోసిన ఇసక ఉంటే దాంతో తట్ట నింపుకుని వరండాలో నడిచింది. ఈసారి లెక్క ఆఫీసరు గారిది. ఎవరి ఇంటి ముందు తడి వలలు ఆరేసేవారో, ఎక్కడ మురుక్కాలువ దాటాలో, ఏ ఇంటి కుక్క వెంటపడేదో చెబుతూ పోయింది. చూరు దగ్గరికి రాగానే మళ్ళీ కుంగింది. మొన్న నవ్విన బెంచీ ఈసారి నవ్వలేదు. "అవునవును, ఆ చూరు మాదే" అని ఒక ముసలాయన లేచి నిలబడ్డాడు. మా అమ్మ నడుస్తుంటే నేను గోడకానుకుని అందరి మొహాలూ చూశాను. ఆ వరండాలో నా అంత గర్వంగా ఉన్న మనిషి ఇంకెవరూ లేరు.

ముప్పై ఇళ్ళ పటం తయారుచేసి కాయితం మీద ప్రింటు తీశాను. అమ్మ దాని కింద వేలిముద్ర వేస్తే, ఆ వీధి మొత్తానికి అదే సాక్ష్యమవుతుందని ఆఫీసరు గారు చెప్పారు. అరుగావిడ తలుపు పక్కన నిలబడి ఉంది. ఆవిడకీ రసీదు లేదు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, ఆవిడ రాలేదు.

అమ్మకి చదువు రాదు. అయినా కాయితాన్ని బల్ల మీద తనకి కావలసినట్టు తిప్పుకుంది, సముద్రం ఎదురుగా వచ్చేలా. మా ఇంటి మీద వేలు పెట్టి పడమరకి నడిపించింది. బావి దగ్గర ఆగింది. ఉత్తరానికి తిరిగింది. వేలు అక్కడే ఆగిపోయింది. ముందుకీ వెనక్కీ వెతికి నా వైపు చూసింది.

"ఇక్కడ నేను తట్ట దించాలి. అరుగేదే?"

నేను తలెత్తలేదు. ఆ ఒక్క ఇల్లూ కావాలనే వదిలేశాను. మా అమ్మను పదిమందిలో అబద్ధాలకోరుని చేసిన మనిషికి నా చేత్తో ఇల్లు గీయబుద్ధి కాలేదు. ఆ మాటే అమ్మకి మాత్రం వినబడేలా గొణిగాను.

అమ్మ ఇంకు ప్యాడు పక్కకి తోసేసింది. "దాని నోరు దానిది" అంది, గది మొత్తం వినేలా. "అరుగు మాత్రం అక్కడే ఉండేది."

ఆఫీసరు గారు తన పెన్ను నాకిచ్చారు. బావికి ఉత్తరాన, అంటే మా అమ్మ ఉత్తరాన, ముప్పై ఒక్క అడుగుల దూరంలో నేను ఆ ఇల్లు గీశాను. అమ్మ దాని మీద వేలు ఆనించి చూసుకుని, అప్పుడు ముద్ర వేసింది.